చెక్ అనే మాట వెనక ఉన్న రాజు

మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లో ఏదో ఒకదాని గురించి అడగమని పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా 'చెక్' మీదే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క మాటకే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. చెక్స్ చొక్కా, బ్యాంకు చెక్కు, వాగు మీద చెక్‌డ్యామ్, చెస్‌లో చెక్, టీచర్ నోట్సు చెక్ చేయడం, ఇవన్నీ ఒకే మాటా, లేక వేరే వేరే మాటలు ఒకేలా వినిపిస్తున్నాయా అని అడిగింది. రేపు చెప్తానన్నాను. వారమైంది, రోజూ గుర్తు చేస్తోంది.
– ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: అన్నీ ఒకే మాటని ధైర్యంగా చెప్పండి. ఆ మాటకు మొదట ఉన్న అర్థం 'రాజు' అని కూడా చెప్పండి, మీ అమ్మాయి ఈ మాటను జన్మలో మర్చిపోదు.

కథ మన దగ్గరే మొదలవుతుంది. చతురంగం అంటే నాలుగు అంగాలున్న సైన్యం, అంటే రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాల్బలం. ఆ పేరుతో ఆడిన ఆటనే మనం చదరంగం అంటున్నాం. సుమారు 6వ శతాబ్దంలో ఆ ఆట మన దేశం నుంచి పర్షియాకు వెళ్ళింది, అక్కడ దాన్ని చత్రంగ్ అన్నారు. 7వ శతాబ్దంలో అరబ్బులు పర్షియాను గెలుచుకున్నాక ఆట వాళ్ళ చేతికొచ్చింది. అరబ్బీలో మన 'చ' లేదు, 'గ' లేదు, కాబట్టి చత్రంగ్ కాస్తా షత్రంజ్ అయింది. ఆట పేరు ఇలా మారుతూ పోయింది గానీ ఆటలో వేసే ఒక కేక మాత్రం పర్షియన్‌లోనే ఉండిపోయింది. ఎదుటివాడి రాజు మీదకు దాడి వచ్చినప్పుడు 'షాహ్' అని హెచ్చరించేవాళ్ళు. షాహ్ అంటే రాజు. అంటే 'నీ రాజును చూసుకో' అని చెప్పడం.

అరబ్బుల నుంచి ఈ ఆట యూరప్‌కు పాకినప్పుడు ఆ కేక కూడా వెంట వెళ్ళింది. లాటిన్‌లో స్కాకస్ అయింది, పాత ఫ్రెంచిలో ఎషెక్ అయింది, ఇంగ్లీషుకు వచ్చేసరికి ముందున్న అచ్చు ఊడిపోయి చెక్ మిగిలింది. ఆ ఫ్రెంచి మాట బహువచనమే ఇంగ్లీషులో 'చెస్'. అంటే ఆ ఆట పేరుకు అర్థం 'రాజులు' అని. జర్మన్‌లో ఆట పేరు షాఖ్, రష్యన్‌లో షాఖ్మాతి, వాటిలోనూ అదే షాహ్ కూర్చుని ఉన్నాడు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఒకటుంది. పర్షియన్ షాహ్ పాత పారశీకంలో 'క్షాయథియ'. మన సంస్కృతంలో క్షత్రం, క్షత్రియుడు అనే మాటలు ఏ మూలం నుంచి వచ్చాయో అదీ అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి బ్యాంకు చెక్కుకూ క్షత్రియుడికీ దూరపు చుట్టరికం ఉంది.

ఇక రాజు నుంచి ఇన్ని అర్థాలు ఎలా పుట్టాయంటే, ఆటలో చెక్ పడగానే మిగతా పన్నాగాలన్నీ ఆగిపోతాయి. మీరు ఏ ఏనుగును ఎటు నడపాలనుకున్నా సరే, ముందు రాజు సంగతి చూడాల్సిందే. అందుకని చెక్ అంటే 'ఉన్నట్టుండి ఆపేయడం, అడ్డుకట్ట వేయడం' అనే అర్థం వచ్చింది. వాగు మీద కట్టే చెక్‌డ్యామ్‌లో ఉన్నది ఈ పాత అర్థమే. అది నీళ్ళను పరీక్షించేది కాదు, పరుగును నిలబెట్టి, కాసేపు ఆపి, భూమిలోకి ఇంకేలా చేసేది. చెక్‌పోస్టు కూడా అంతే, బండి ఆగాలి. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ పేరుతో ఏకంగా మెట్రో స్టేషనే ఉంది, రోజూ వేలమంది ఆ పేరు పలుకుతూ దిగుతుంటారు. ఆపడం నుంచి అదుపులో పెట్టడం, అదుపులో పెట్టడం నుంచి తప్పు దొర్లకుండా సరిచూడడం అనే అర్థాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. టీచర్ నోట్సు చెక్ చేయడం, బస్సులో చెకింగ్ ఎక్కడం ఈ చివరి అర్థం.

చొక్కా మీది చెక్స్ మాత్రం వేరే దారిలో వచ్చింది. అది కేక నుంచి కాదు, ఆట బల్ల నుంచి. చదరంగం బల్ల మీద గళ్ళలా ఉండే గుడ్డ కాబట్టి చెక్స్. ఇక్కడ మన తెలుగు కూడా అచ్చం ఇలాగే ఆలోచించింది చూడండి. చదరంగంలోనూ గడి అనే అంటాం, గళ్ళ లుంగీ, గళ్ళ తువ్వాలు, చివరికి పత్రికల్లో వచ్చే గళ్ళ నుడికట్టు, అన్నీ ఆ గడి నుంచే. చెక్స్ చొక్కా అని పిల్లలు అంటే అననివ్వండి, ఇంట్లో మాత్రం గళ్ళ చొక్కా అనే మాట బతికి ఉండాలని నా కోరిక. (తెలంగాణలో దొరల గడీ వేరు, దీర్ఘం ఉంది చూడండి. అది కోట లాంటి ఇంటికి ఉత్తరాది నుంచి వచ్చిన పేరు.)

ప్రశ్న: ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. మన దగ్గర చెక్కు స్పెల్లింగు చివర క్యూ, యూ, ఈ వస్తాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి చివర సీ, కే రాస్తాడు. ఏది తప్పు? అసలు డబ్బు కాగితానికీ చదరంగానికీ ఏం సంబంధం?
– ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: రెండూ తప్పు కాదండీ. ఇంకా చెప్పాలంటే మీ అబ్బాయి రాసేదే పాతది. మన దగ్గరి స్పెల్లింగు బ్రిటన్‌లో తర్వాత స్థిరపడింది. ఎందుకు అలా అయిందో చెప్పాలంటే 12వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక బల్ల దగ్గరికి వెళ్ళాలి.

ఆ కాలంలో రాజుగారి పన్నుల లెక్కలు ఏడాదికి రెండుసార్లు, ఈస్టరుకూ సెప్టెంబరు చివర వచ్చే మైకేల్‌మస్‌కూ తేల్చేవాళ్ళు. ఒక్కో జిల్లాకు ఒక షెరీఫ్ ఉండేవాడు, వసూలు చేసిన డబ్బు పట్టుకొచ్చి లెక్క అప్పజెప్పాలి. లెక్క కట్టడానికి అప్పట్లో వాళ్ళకు ఉన్నవి రోమన్ అంకెలు. వాటితో కాగితం మీద కూడికలు తీసివేతలు చేయడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. పైగా 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. మన పాత రూపాయి అణాల లెక్క గుర్తున్నవాళ్ళకు ఈ బాధ అర్థమవుతుంది. అందుకని వాళ్ళు ఒక ఉపాయం చేశారు. సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద గీతలున్న నల్లటి గుడ్డ పరిచేవాళ్ళు. ఒక వరుస పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌండ్లకు, తర్వాత ఇరవైలు, వందలు, వేలు. వాటిలో బిళ్ళలు పేర్చి, జరిపి లెక్క కట్టేవాళ్ళు. చదువు రాని షెరీఫ్‌కు కూడా తను ఎంత బాకీ ఉన్నాడో కళ్ళెదుట కనిపించేది.

ఆ గుడ్డ చదరంగం బల్లలా ఉంది కాబట్టి ఆ బల్లకూ, అక్కడ కూర్చునే ఖజానా విభాగానికీ ఎక్స్‌చెకర్ అనే పేరు వచ్చింది. పాత ఫ్రెంచిలో ఆ మాటకు చదరంగం బల్ల అనే అర్థం. రెండో హెన్రీ రాజు దగ్గర కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఈ పద్ధతి గురించి ఒక లాటిన్ గ్రంథమే రాశాడు. పోలిక గళ్ళలో మాత్రమే కాదనీ, చదరంగంలో ఇద్దరు రాజులు తలపడినట్టు ఇక్కడ కోశాధికారీ షెరీఫూ తలపడతారనీ అందులో చెప్పాడు. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇప్పటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే అంటారు. పేరును చూస్తే ఆయన చదరంగం బల్లకు అధికారి.

షెరీఫ్ డబ్బు కడితే రసీదు ఏమిచ్చేవాళ్ళు? కాగితం కాదు, కర్ర. ఎంత కట్టాడో ఆ కర్ర మీద గాట్లు పెట్టి, దాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒక ముక్క కట్టినవాడికి ఇచ్చి, ఇంకోటి ఖజానాలో ఉంచేవాళ్ళు. తర్వాత ఎప్పుడు తగువు వచ్చినా రెండు ముక్కలూ కలిపి చూస్తారు, గాట్లు కలిస్తే లెక్క సరే. ఆ కర్ర పేరు ట్యాలీ. మన షాపుల్లో, ఆఫీసుల్లో సాయంత్రానికి 'లెక్క ట్యాలీ అయిందా' అని అడుగుతామే, అది ఈ కర్ర ముక్కలు అతకడం గురించే. ఈ కర్రల వాడకం ఎంతకాలం సాగిందంటే, 19వ శతాబ్దంలో మానేశాక 1834 అక్టోబరు 16న పాత కర్రలన్నీ పార్లమెంటు కింద ఉన్న పొయ్యిల్లో వేసి కాల్చారు. పొగగొట్టాలు వేడెక్కి మంటలు లేచి పార్లమెంటు భవనాలే చాలావరకు కాలిపోయాయి. ఇప్పుడు లండన్‌లో మనం ఫోటోల్లో చూసే పార్లమెంటు భవనం ఆ తర్వాత కట్టిందే.

ఇప్పుడు మీ బ్యాంకు చెక్కు దగ్గరికి వద్దాం. 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో చెక్ అంటే డబ్బు కాగితం కాదు, దాన్ని చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క. మీరు కౌంటర్ ఫాయిల్ అనేవాళ్ళు కదా, అదే. కాగితం నకిలీదో కాదో ఆ ముక్కతో సరిచూసేవాళ్ళు కాబట్టి దానికి చెక్ అని పేరు. కర్ర రెండు ముక్కలు చేసిన పనినే ఇక్కడ కాగితం రెండు ముక్కలు చేశాయి. మెల్లగా ఆ పేరు మిగిలిన ముక్కను వదిలి, చింపి ఇచ్చే కాగితానికి అంటుకుంది. ఎక్స్‌చెకర్ స్పెల్లింగు ప్రభావంతో 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో దీని స్పెల్లింగు మార్చి రాయడం స్థిరపడింది, మనకు వాళ్ళ నుంచి వచ్చింది. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనూ అదే. అమెరికావాళ్ళు పాతదాన్ని వదల్లేదు.

మీ ఉత్తరం చదువుతుంటే హుండీ గుర్తొచ్చింది. చెక్కులు రాకముందే మన వర్తకులకు హుండీలు ఉండేవి. ఒక ఊళ్ళో డబ్బు కట్టి కాగితం రాయించుకుంటే, దూరపు ఊళ్ళో ఇంకో షావుకారు ఆ కాగితం చూసి డబ్బు ఇచ్చేవాడు. అది దారిలో దొంగల భయం లేని ఏర్పాటు. ఇప్పుడు తెలుగులో హుండీ అంటే గుడిలో కానుకలు వేసే పెట్టె. డబ్బు మాటలు ఒకచోట నిలబడవు, చెక్కు విషయంలోనూ అదే జరిగింది.

ప్రశ్న: అమెరికా వచ్చిన కొత్తలో హోటల్లో వెయిటర్ వచ్చి 'చెక్ తేనా' అంటే, నేనే వాళ్ళకు చెక్కు ఇవ్వాలేమోనని కంగారుపడ్డాను, నా దగ్గర చెక్‌బుక్ కూడా లేదు. మా ఆఫీసులో ఒకాయన భోజనానికి పిలిస్తే 'రెయిన్ చెక్' అన్నాడు, ఆ రోజు వాన కూడా లేదు. వీటికి కూడా రాజే కారణమా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: కారణం రాజే, కాకపోతే మధ్యలో రెండు మూడు తరాలు గడిచాయి. పై జవాబులో చెప్పిన 'సరిచూసుకునే ముక్క' అనే అర్థాన్ని అమెరికాలో ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. సామాను అప్పజెబితే ఇచ్చే టోకెను చెక్, కోటు తగిలించి వెళ్తే ఇచ్చే బిళ్ళ చెక్, హోటల్లో మీరు ఎంత తిన్నారో రాసిచ్చే చీటీ కూడా చెక్. మన దగ్గర బిల్లు అంటాం. వాళ్ళకు బిల్లు అంటే ఎక్కువగా కరెంటు బిల్లు లాంటిది, ఇంటికి వచ్చేది. విమానాశ్రయంలో చెకిన్ బ్యాగేజీ అనడం కూడా ఈ టోకెన్ల కుటుంబమే.

రెయిన్ చెక్ బేస్‌బాల్ మైదానాల నుంచి వచ్చింది. 1880ల నుంచీ ఉన్న మాట. వానకు ఆట ఆగిపోతే టికెట్టు ముక్క దాచుకోమనేవాళ్ళు, అది చూపిస్తే ఇంకోరోజు ఆటకు రానిచ్చేవాళ్ళు. మీ ఆఫీసాయన మాటకు అర్థం 'ఈరోజు కుదరదు, ఇంకోసారి తప్పకుండా' అని. మీతో భోజనానికి రావడం ఇష్టం లేదని కాదు. ఆయన్ని మళ్ళీ పిలవండి.

ఇంకొకటి కూడా మీకు ఎదురై ఉంటుంది. ఫారాల్లో మనం 'టిక్ పెట్టు' అనే గుర్తును వాళ్ళు చెక్ మార్క్ అంటారు. సరిచూశాను అని గుర్తు పెట్టడం కాబట్టి చెక్.

ప్రశ్న: నేను దస్తావేజులు రాస్తాను. మా దస్తావేజుల్లో స్థలానికి నాలుగు దిక్కుల హద్దులు రాసేచోట 'చెక్కుబందీ' అని వస్తుంది. అది బ్రిటిష్‌వాళ్ళు చెక్ చేసి పెట్టిన హద్దులు కాబట్టి ఆ పేరొచ్చిందని మా గురువుగారు చెప్పేవారు. నిజమేనా? 'చెక్కు చెదరలేదు' అంటామే, అందులో చెక్కు ఏమిటి?
– ఒక దస్తావేజు లేఖరి, అనంతపురం జిల్లా

జవాబు: మీ గురువుగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, అది ఇంగ్లీషు చెక్ కాదు. హిందూస్తానీలో చక్ అంటే ఒక భూమి ముక్క, బందీ అంటే కట్టడం, ఏర్పరచడం. ఉత్తరాదిలో చెదిరిపోయిన కమతాలను ఒకచోటికి చేర్చడాన్ని ఇప్పటికీ చక్‌బందీ అంటారు. రెవెన్యూ మాటలు చాలావరకు మనకు పర్షియన్, ఉర్దూల నుంచే వచ్చాయి. జమాబందీ, దస్తావేజు, హక్కు, రసీదు అన్నీ ఆ తోవలోవే. చక్‌బందీ మన నోట్లో పడి చెక్కుబందీ అయింది. కాకపోతే, షాహ్ పర్షియన్, ఈ బందీ కూడా పర్షియన్. కాబట్టి మీ గురువుగారు దేశం పొరబడ్డారు గానీ పరాయి దేశమని మాత్రం సరిగ్గానే చెప్పారు.

'చెక్కు చెదరలేదు'లో ఉన్నది మాత్రం తెలుగు మాట. బీరకాయకు చెక్కు తీస్తాం చూడండి, ఆ చెక్కు. తొక్క, పైపొర. పైపొర కూడా చెదరలేదంటే లోపల సంగతి చెప్పనక్కరలేదు కదా, నేను ఆ జాతీయాన్ని అలాగే అర్థం చేసుకుంటాను. శిల్పి చెక్కడం కూడా పొర తీయడమే. వీటికీ బ్యాంకుకూ ఏ సంబంధం లేదు. మాట ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిపేయకూడదు, ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

ప్రశ్న: పేపర్లలో, యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా 'ఫలానా నాయకుడికి చెక్', 'షుగర్‌కు చెక్', 'జుట్టు రాలడానికి చెక్'. ఇది సరైన వాడకమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: కాదనే నా అభిప్రాయం. అడ్డుకట్ట వేయడం అనే అర్థంలో అయితే సరే, అది పాత అర్థమే. కానీ ఆ శీర్షికలు రాసేవాళ్ళు అనుకునేది అది కాదు, పని అయిపోయింది అని. చదరంగంలో చెక్ అంటే పని అయిపోవడం కాదు. రాజును జరపొచ్చు, అడ్డంగా ఇంకో పావును పెట్టొచ్చు, దాడి చేసిన పావునే కొట్టేయొచ్చు. ఒక్క ఆటలో పది చెక్‌లు పడి కూడా చివరికి గెలిచినవాళ్ళున్నారు.

పని అయిపోయింది అని చెప్పాలంటే అది చెక్‌మేట్. పర్షియన్‌లో షాహ్ మాత్. అరబ్బీలో మాత్ అంటే చనిపోయాడు కాబట్టి 'రాజు చచ్చాడు' అని చాలామంది అర్థం చెప్తారు. పర్షియన్‌లో మాత్ అంటే దిక్కుతోచనివాడు, చేష్టలుడిగినవాడు. ఆట ప్రకారం చూసినా ఇదే సరిపోతుంది, చదరంగంలో రాజును ఎప్పుడూ చంపరు, ఎటూ కదలలేని స్థితికి తెచ్చి వదిలేస్తారు. హిందీ, ఉర్దూల్లో 'షహ్ ఔర్ మాత్' అనే జంట మాట ఇప్పటికీ ఉంది. దీనికి మనకు ఎంత చక్కటి మాట ఉంది, ఆటకట్టు. రాజుకు అన్ని దారులూ కట్టేసి ఆట ముగించడం. 'దొంగల ఆట కట్టించారు' అని పోలీసు వార్తల్లో ఒకప్పుడు తరచూ చదివేవాళ్ళం. శీర్షికకు రెండక్షరాల మాట కావాలని చెక్ పట్టుకున్నట్టున్నారు, నాలుగక్షరాలకు చోటు చేయలేరా? ఇక షుగర్ సంగతైతే మందులతో, తిండితో అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బు, దానికి ఆటకట్టు అన్నా నేను ఒప్పుకోను. అదుపు అని రాస్తే చాలు.

ప్రశ్న: నాకు డెబ్బై రెండేళ్ళు. మా మనవడు చెస్ నేర్చుకుంటున్నాడు, మా అర్జున్ ఎరిగైసిలా అవుతానంటాడు. నాతో ఆడేటప్పుడు చెక్ పెట్టి కూడా నోరు మెదపడు. నేను చూసుకోక ఇంకో పావు జరపబోతే అప్పుడు నవ్వుతాడు. చెక్ అని చెప్పాలా అక్కర్లేదా?
– ఒక తాత, హనుమకొండ

జవాబు: మీ మనవడిది తప్పు కాదండీ. అంతర్జాతీయ చెస్ సమాఖ్య నిబంధనల్లో చెక్ అని పైకి చెప్పాలని ఎక్కడా లేదు. పెద్ద టోర్నమెంట్లలో హాలంతా నిశ్శబ్దంగా ఉంటుంది, చూసుకోవాల్సిన బాధ్యత ఆడేవాళ్ళదే. 2024 డిసెంబరు రేటింగుల్లో 2800 దాటిన మీ వరంగల్ అర్జున్ అయినా, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచిన మన కోనేరు హంపి అయినా, బోర్డు ముందు కూర్చుని చెక్ అని కేకెయ్యరు.

అయితే మీ ఇంటి అరుగు మీద నిబంధన మీరు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళతో ఆడేటప్పుడు చెప్పి తీరాలని పెట్టండి. చెక్ అనడం బిడియమైతే, షాహ్ అంటే ఏమిటో ఆ పిల్లాడికి చెప్పి, తెలుగులోనే 'తాతా, రాజు!' అనమనండి.